రెండు స్విచ్చుల కారు

కావలిలో ట్రంకు రోడ్డు పక్కన, లారీలు ఆగేచోట, ఒక తాటాకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. వాకిట్లో నాలుగు బ్యాటరీలు వరసగా పెట్టి ఉంటే అది సిలార్ షెడ్డని లారీ డ్రైవర్లందరికీ తెలుసు. లోపల ఏదో ఒక బండి బానెట్టు తెరిచి ఉంటుంది. అందులో నడుం దాకా దూరిపోయిన మనిషి సిలార్. పిలిస్తే వెంటనే బయటికి రాడు. "ఒక్క వైరుండాది, చుట్టేసి వస్తా" అని లోపలి నుంచే అంటాడు. ఆ ఒక్క వైరు అరగంట పడుతుంది.

ఊరు అతన్ని మెకానిక్ అనేది. అతను ఒప్పుకునేవాడు కాదు. "ఇంజను పని వేరేవాళ్ళది, మురికి పని. నాది కరెంటు పని" అనేవాడు, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని.

ఆ విద్య అతనికి బిట్రగుంటలో అబ్బింది. రైలు పెట్టెల్లో దీపాలూ ఫ్యాన్లూ చూసే ఫిట్టరు బడేసాహెబ్ అతనికి మేనమామ. మామ వెంట టెంపరవరీ కూలీగా చేరి, నాలుగేళ్ళపాటు పెట్టెల కింద పాకి పాకి పని నేర్చాడు. రైల్వే కాలనీలో పెద్ద ఆఫీసరు బంగళాకు ఒకసారి దీపం బాగుచేయడానికి పోతే, అక్కడ మేడమెట్ల కింద ఒక స్విచ్చి, మెట్లెక్కాక పైన ఒక స్విచ్చి కనపడ్డాయి. రెండూ ఒకే దీపానివి. కింద వేసి ఎక్కి, పైన ఆర్పుకోవచ్చు. పైన వేసి దిగి, కింద ఆర్పుకోవచ్చు. సిలార్ ఆ మెట్లు పదిహేనుసార్లు ఎక్కి దిగాడు. బంగళా బట్లరు చీపురు తీసుకుని వచ్చేదాకా దిగుతూనే ఉన్నాడు.

అప్పటినుంచి అతనికి స్విచ్చుల పిచ్చి పట్టింది. ఒక స్విచ్చి ఉన్నచోట రెండోది పెడితే మనిషి ఎంత సుఖపడతాడో అనే ఆలోచన తప్ప వేరే ఆలోచన ఉండేది కాదు. తనిఖీకి వచ్చిన ఒక ఆఫీసరు పడుకునే ప్రత్యేక రైలుపెట్టె సెలూనులో, ఆయన పడకకు అందేలా ఎవరూ అడక్కుండానే ఒక స్విచ్చి బిగించాడు. మర్నాడు పొద్దున ఆఫీసరు కాఫీ కోసం బెల్లు నొక్కితే ఫ్యాను తిరిగింది. మళ్ళీ నొక్కితే ఆగింది. ఆయన కాఫీ అడిగినకొద్దీ గాలి వస్తూ పోతూ ఉంది. ఆ నెలాఖరుకు టెంపరవరీ గడువు ముగిసింది, దాన్ని పొడిగించమని మామ ఎవర్నీ అడగలేదు.

అట్లా కావలి వచ్చి షెడ్డు వేసుకున్నాడు. ముంతాజ్ బేగంను చేసుకున్నాడు. ఆమె పుట్టింటివాళ్ళది రేకుపని. లాంతర్లు, గరాటులు, బియ్యం డబ్బాలు చేసేవాళ్ళు. రేకు కత్తెర చేతిలో ఉంటే ముంతాజ్ గుండ్రం గీయకుండానే గుండ్రంగా కత్తిరించేది. సిలార్ ఊరంతా చెప్పుకునే పనుల్లో సగం పని ఆమె చేతిదే. ఆ సంగతి అతను ఊరికి చెప్పేవాడు కాదు, ఆమెకు మాత్రం చెప్పేవాడు.

అరవై ఒకటి ఎండాకాలంలో, ఒకరోజు మిట్టమధ్యాహ్నం, షెడ్డు ముందు తెల్లటి ఆవిరి మేఘమొకటి వచ్చి ఆగింది. మేఘంలోంచి ఒక పాత విలాయతీ కారు బయటపడింది. కారులోంచి చెంచురామయ్య దిగాడు. సంగం దగ్గర పెన్న కాలవ కింద మాగాణి ఉన్న రైతు ఆయన. నెల్లూరులో ఒక డాక్టరు ఊరు వదిలిపోతూ అమ్మితే ఆ కారు కొన్నాడు. వెనక సీట్లోంచి ఆయన భార్య వెంకటశేషమ్మ దిగింది, చంకలో ఇత్తడి బిందెతో. సీటు కింద ఇంకో బిందె ఉంది.

"సిలారనేది నువ్వేనా అబ్బయ్యా?" అన్నాడు చెంచురామయ్య. "అయిదు మైళ్ళకొకసారి పొంగతా ఉండాది. దగదర్తి దాటేలోపల మూడు బావులు తోడించినా. నా కారు చప్పుడు వింటే ఆడోళ్ళు చేద పట్టుకోని రోడ్డుమీదికొస్తుండారు."

"నాకు ఒళ్ళంతా నీళ్ళే అబ్బయ్యా" అంది వెంకటశేషమ్మ. "కారెక్కి ఊరికి పోతే ఏట్లో మునిగొచ్చినట్టుండాది."

సిలార్ ఇంజను చుట్టూ తిరిగి చూశాడు. రేడియేటరు సగం పూడిపోయి ఉంది. పొంగినప్పుడల్లా కాలవ నీళ్ళు పోసిన పుణ్యం. కొత్తది తెప్పించాలంటే దొరల సీమ నుంచి ఓడలో రావాలి. అదొక్కటే కాదు, కారు నడిచే తీరులో కూడా లోపం ఉంది. ఇంజనుకు ముందున్న రెక్కలు ఇంజను ఎంత జోరుగా తిరిగితే అంత జోరుగా తిరుగుతాయి. కారు పరిగెత్తితే ఎదురుగాలి కూడా తోడవుతుంది. చెంచురామయ్య కారు పరిగెత్తదు. ఆయన మాటలమనిషి. మాట రసపట్టుకు వస్తే కారు నెమ్మదిస్తుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి ఇంజను ఆపకుండానే రోడ్డుమీద నిలబెట్టేస్తాడు. ఎడ్లబళ్ళు ఆయన్ని దాటిపోయేవి.

"అన్నా, ఇంజనుతో పనిలేకుండా తిరిగే ఫ్యాను ఒకటి పెడదాం" అన్నాడు సిలార్. "రేడియేటరుకు ముందర. బ్యాటరీ మీద నడుస్తాది. మీ చేతికాడ స్విచ్చి. వేడెక్కిందనుకుంటే వెయ్యడమే."

"ఇంట్లో ఫ్యాను మాదిరా?"

"ఇంట్లో ఫ్యాను మనకు. ఇది ఇంజనుకు."

చెంచురామయ్యకు ఆ మాట నచ్చింది. తన ఇంట్లోనే ఇంకా ఫ్యాను లేదు. కారుకు ఉందంటే ఊళ్ళో ఎట్లా ఉంటుందో ఊహించుకుని అక్కడే సంతోషపడ్డాడు.

యుద్ధం నాటి మిలిటరీ లారీల సామాను మద్రాసులో అమ్మేవాళ్ళ దగ్గర కొన్న మోటారొకటి సిలార్ పెట్టెలో మూడేళ్ళుగా ఉంది. ముంతాజ్ నూనెడబ్బా రేకు నుంచి ఆరు రెక్కలు కత్తిరించి, మధ్యలో రివిట్లు కొట్టి ఇచ్చింది. సిలార్ దాన్ని ఇనుప పట్టీలతో రేడియేటరు ముందు బిగించి, స్టీరింగు పక్కన స్విచ్చి పెట్టి, చెంచురామయ్యను పిలిచి వేయమన్నాడు.

ఆయన బిస్మిల్లా చెప్పమన్నాడు. సిలార్ చెప్పాడు. ఆయన వెంకటేశ్వరస్వామిని తలుచుకుని టక్కున వేశాడు. ఫ్యాను గుయ్యిమంటూ లేచింది. గాలి మాత్రం ఇంజనుమీదికి పోకుండా రోడ్డుమీదికి కొట్టింది. రోడ్డు దుమ్మంతా లేచి ఎదురుగా ఉన్న చిన్నపోలయ్య టీ కొట్టులోకి నేరుగా పోయింది.

"రేయ్ సిలారూ!" అని చిన్నపోలయ్య పాలగిన్నె మీద తువ్వాలు కప్పి అరిచాడు. "ఫ్యాను కారుకు పెట్టినావా, నా కొట్టుకు పెట్టినావా?"

ఆ మోటారు ఒకవైపే తిరిగే రకం. సిలార్ చాలాసేపు తల గోక్కున్నాడు. ముంతాజ్ వచ్చి చూసి, "మోటారు మాట వినకపోతే రెక్కల్ని వంచు. వంచితే అవి ఇంకోపక్క గాలి కొడతాయి గదా" అంది. ఆరు రెక్కల్నీ అటునుంచి ఇటు వంచాక గాలి ఇంజనుమీదికి మళ్ళింది. చెంచురామయ్య ఆరోజు సంగం దాకా ఒక్క చుక్క నీళ్ళు పోయకుండా పోయాడు. దారిలో ఆడవాళ్ళు చేదలతో వచ్చి నిలబడితే, వాళ్ళకు చెయ్యి ఊపాడట.

రెండు వారాలైంది. వెంకటశేషమ్మ ఒక్కతే బస్సు దిగి, బుట్టెడు నిమ్మకాయలతో షెడ్డుకు వచ్చింది.

"పొంగతా ఉందా అక్కా?" అన్నాడు సిలార్.

"పొంగితే నీళ్ళన్నా పోస్తాం. పొంగనిరోజు బ్యాటరీ సచ్చిపోతా ఉండాది" అందామె. "ఆయన వేసి మర్చిపోతాడు. ఇంటికొచ్చి, భోంచేసి, పడుకోని లేస్తాడు, ముందర ఫ్యాను తిరగతానే ఉంటాది. పొద్దున్నే పాలేర్లు నలుగురు కారు తొయ్యాల. ఇంకోరోజు మాటల్లోపడి అసలు వెయ్యడు. నాకు వెనక కూర్చుంటే తెలస్తాది సిలారూ. ఎసరు మరిగే చప్పుడు తెలవదా నాకు? ముప్పై ఏళ్ళు పొయ్యికాడ ఉన్నదాన్ని. ఏమయ్యా మరగతా ఉండాదంటే, నువ్వు మాట్లాడబాక మే, మాట మధ్యలో ఉండానంటాడు."

"ఇప్పుడేం చెయ్యమంటావక్కా?"

"నాకొక స్విచ్చి పెట్టు. వెనక సీటుకాడ. ఆయన్ని అడిగితే నీకెందుకంటాడు. నువ్వే ఏదో పేరు చెప్పి పెట్టాల."

సిలార్ ఆ క్షణంలో బిట్రగుంట బంగళా మెట్లమీద ఉన్నాడు. కింద ఒకటి, పైన ఒకటి. ముందర ఒకటి, వెనక ఒకటి. ఆయన వేస్తే ఆమె ఆర్పచ్చు, ఆమె వేస్తే ఆయన ఆర్పచ్చు. ఇన్నేళ్ళకు ఒక మనిషి తనంతట తాను వచ్చి రెండో స్విచ్చి కావాలని అడిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరగడమొక్కటే తక్కువ.

మరుసటి వారం కారు వచ్చింది. పెద్ద పెద్ద కార్లలో ఇట్లానే ఉంటుందని చెంచురామయ్యకు నచ్చజెప్పి, వెనక తలుపు పక్కన రెండో స్విచ్చి పెట్టాడు. పెద్ద కార్లు అనేసరికి ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆ ఏడు చివర్లో కావలికి అవతల ఒక పల్లెలో విత్తనాల గిడ్డంగి కట్టారు. దాని ప్రారంభానికి బ్లాకు ఆఫీసరు సంజీవరావు వస్తున్నాడు. జీపు రిపేరులో ఉందని తెలిసి, చెంచురామయ్య తన కారులో తీసుకుపోతానని తానే ముందుకొచ్చాడు. అక్కడ మైకుసెట్టు చూడాల్సింది సిలారే కాబట్టి అతన్నీ ఎక్కమన్నాడు. ముందర చెంచురామయ్య, ఆయన పక్కన మల్లెపూవులాంటి బుష్‌కోటుతో ఆఫీసరు. వెనక ఒక తలుపు దగ్గర వెంకటశేషమ్మ, రెండో తలుపు దగ్గర ఒళ్ళో మైకుతో సిలార్, మధ్యలో బిందె. బిందె ఎందుకని అడిగితే "అలవాటు" అందామె.

ఆఫీసరు కూడా మాటలమనిషే. దోమపోటుకు మందు ఎట్లా చల్లాలో చెప్పడం మొదలుపెట్టాడు. చెంచురామయ్య ఎదురు ప్రశ్న వేశాడు. కారు నెమ్మదించింది. ముందర రెండు ఎడ్లబళ్ళు గడ్డిమోపులతో పోతున్నాయి, వాటిని దాటాలని కూడా ఆయనకు తోచలేదు.

ముందర టక్ మని వినిపించింది. ఫ్యాను గుయ్యిమంది. ఆఫీసరు కారులో ఉన్నాడని చెంచురామయ్య ఆరోజు ఒళ్ళు దగ్గరపెట్టుకుని, గుర్తుపెట్టుకుని స్విచ్చి వేశాడు.

సరిగ్గా ఆ గడియలోనే వెంకటశేషమ్మ చెవికి ఎసరు చప్పుడు అందింది. వెనక టక్ మంది. ఫ్యాను ఆగిపోయింది.

సిలార్ ఆమె చేతికాడి స్విచ్చి వైపు చూశాడు. మెట్లమీద ఎక్కేదీ దిగేదీ ఒక్క మనిషే. ఈ కారులో ఇద్దరున్నారు, ఇద్దరికీ ఒకటే బుద్ధి పుడుతోంది. ఇద్దరూ వేస్తే ఆరిపోతుంది! ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ తనకు ఎందుకు తట్టలేదు?

"అన్నా..." అన్నాడు.

ఆఫీసరు ఎకరానికి ఎంత మందో చెబుతున్నాడు. ఆఫీసరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డంపడటం ఎట్లాగో సిలార్‌కు తెలియదు. చెంచురామయ్య ఫ్యాను చప్పుడు వినపడటం లేదేమని మళ్ళీ టక్ మనిపించాడు. ఫ్యాను లేచింది. వెంకటశేషమ్మ తన స్విచ్చి పడలేదేమోనని తనూ మళ్ళీ టక్ మనిపించింది. ఫ్యాను ఆగింది.

"అక్కా, వెయ్యబాక!" అన్నాడు సిలార్ గుసగుసగా.

"వెయ్యకపోతే ఎట్టా? మరగతా ఉంటే!" టక్.

"ఏంది మే ఆ టక్కుటక్కు?" టక్.

"మాట్లాడుకుంటా ఉండండి, మీకెందుకు!" టక్.

"నేను వేసినా గదా!" టక్.

"నేనూ వేసినా!"

బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. చెంచురామయ్య కారు ఆపి దిగి, "మీరు కూర్చోండి సార్, చిన్న పని" అంటూ బానెట్టు తెరిచాడు. కూర్చోవలసిన ఆఫీసరు చూద్దామని దిగి పక్కనే నిలబడ్డాడు. గుడ్డపెట్టి రేడియేటరు మూత తిప్పీ తిప్పకముందే అది ఎగిరి తాటిచెట్టుకు తగిలింది. అందరూ నాలుగు దిక్కులకు దూకారు. ఎవరికీ కాలలేదు. పెన్న కాలవ నీళ్ళు, వాటిలో నానిన తుప్పు, అన్నీ కలిసి కుంకుమ రంగులో పైకి లేచి, చల్లారుతూ కిందికి దిగి, ఆఫీసరు బుష్‌కోటు మీద పడ్డాయి.

 సంజీవరావు తన బుష్‌కోటు చూసుకుని, "చెంచురామయ్యగారూ, ఇప్పుడు నేనెట్టా పోయేది?" అన్నాడు, ఏడవలేక.

చెంచురామయ్య తన జరీ కండువా తీసి ఇచ్చాడు. ఆఫీసరు గిడ్డంగి దగ్గర ప్యాంటు మీద కండువా కప్పుకుని దిగాడు. పల్లెజనం ముందు బిత్తరపోయి, తర్వాత చప్పట్లు కొట్టారు. ఇంత నిరాడంబరమైన ఆఫీసరును ఎన్నడూ చూడలేదని సర్పంచి మైకులో చెప్పాడు. సంజీవరావు మొహం విప్పారింది. ఆ తర్వాత పల్లెల్లో సభలకు ఆయన కండువాతోనే పోయేవాడని వినికిడి.

సిలార్‌కు మాత్రం ఆ చప్పట్లు వినపడలేదు. మైకుసెట్టు వెనక కూర్చుని తన తప్పును నెమరేసుకున్నాడు. మర్నాడే కారు తెప్పించుకుని, ఇద్దరికీ కనపడేలా అద్దం కింద ఒక చిన్న దీపం పెట్టాడు. ఫ్యాను తిరిగితే దీపం వెలుగుతుంది. వెలుగుతుంటే రెండోవాళ్ళు ముట్టుకోకూడదు. షెడ్డులో ఎర్ర గాజుబిళ్ళ దొరికితే ఎర్ర దీపం పెట్టాడు.

నాలుగోరోజుకు కారు ఆవిరితో వచ్చింది.

"దీపం వెలిగిందా అక్కా?"

"ఎందుకు వెలగలా? వెలిగినప్పుడల్లా ఆర్పేస్తుండా. ఎర్రదీపమంటే ఆపమనే గదా? బిట్రగుంటలో రైలు కూడా ఆగతాది."

రైల్వేలో పనిచేసినవాడు గదా, ఎర్ర గాజు తీసి పచ్చ గాజు పెట్టాడు. పచ్చదీపం ఎండలో కనపడలేదు. వెలిగిందా లేదా అని ఇద్దరూ ముందుకు వంగి చూస్తుంటే కారు ఒకసారి కాలవగట్టు దాకా పోయి ఆగింది.

ఆరోజు మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని సిలార్ తినలేదు. "మూడో స్విచ్చి పెడితేనో?" అన్నాడు.

ముంతాజ్ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవరికి? బిందెకా?"

"మరేం చెయ్యమంటావు?"

"ఆ ఇద్దర్లో ఇంజను వేడి ఎవరికి తెలస్తాది?"

"ఆమెకే. థర్మామీటరు కూడా అంత కచ్చితంగా చెప్పదు."

"ఆయనకు తెలస్తాదా?"

"తెలవదు."

"అయితే ఆయనకెందుకు వైరు?"

"తీసేస్తే ఊరుకుంటాడా మే? అది ఆయన కారు."

"స్విచ్చి తియ్యమన్నానా? వైరు తియ్యమన్నా" అంది ముంతాజ్, అతని పళ్ళెంలో కూర వేస్తూ. "తిను."

సిలార్ తిన్నాడు గానీ కంచంలో ఏముందో అతనికి తెలియలేదు. తీగ లేని స్విచ్చి పెట్టడమంటే అతనికి దొంగతనంలా అనిపించింది. రెండురోజులు తటపటాయించి, చివరికి వెంకటశేషమ్మతో చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కారు చుట్టూ ఒక తిరుగు తిరిగి వచ్చింది. నవ్వు ఆపుకోవడానికి అంతసేపు పట్టింది. "ఆయనకు చెప్పబాకు" అంది.

అట్లా ముందరి స్విచ్చికి వైరు పోయింది. స్విచ్చి అలాగే ఉంది, టక్ మంటూనే ఉంది. వెనకది ఒంటిస్విచ్చి అయింది. ఆరోజునుంచి కారు పొంగలేదు. బ్యాటరీ చావలేదు.

సిలార్ కష్టాలు మాత్రం అప్పుడే మొదలయ్యాయి. చెంచురామయ్య కావలి వచ్చినప్పుడల్లా షెడ్డు దగ్గర ఆగి, అక్కడున్న లారీడ్రైవర్లందరికీ వినపడేలా చెప్పేవాడు: "ఇంజను గుండె తెలవాలబ్బయ్యా. వేడి పుట్టీ పుట్టకముందే ఈ వేలు దానంతట అదే పోతాది. వేసేది ఎప్పుడో, ఆర్పేది ఎప్పుడో, అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు." డ్రైవర్లు ఆయన వేలు చూసేవాళ్ళు. సిలార్ వెంటనే ఏదో ఒక బానెట్టులో దూరిపోయేవాడు. ఒకసారి ఖాళీగా ఉన్న బానెట్టులో దూరాడు, అందులో ఇంజనే లేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. వానలకు రోడ్డంతా గుంతలు పడింది. ఒకరోజు పొద్దున చెంచురామయ్య కారు వచ్చి ఆగింది. ఆయన మాట్లాడకుండా దిగాడు. అది చూసి సిలార్ దూరడానికి ఏ బానెట్టు తెరిచి ఉందా అని వెతికాడు. వెనక సీట్లో వెంకటశేషమ్మ కిటికీలోంచి అటువైపు, చిన్నపోలయ్య టీ కొట్టును జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

చెంచురామయ్య గుప్పిట తెరిచాడు. అందులో స్విచ్చి ఉంది.

"ఇదేంది?"

"స్విచ్చన్నా."

"గుంతలో పడితే ఊడి చేతికొచ్చింది. దీని తోక యాడ?"

సిలార్ నేల చూశాడు.

"ఊడినాక కూడా ఫ్యాను తిరగతానే ఉండాది" అన్నాడు చెంచురామయ్య. "స్విచ్చి నా చేతిలో ఉండాది, ఫ్యాను ముందర తిరగతా ఉండాది. నేను కోవూరు దాకా పోయి హైస్కూలు హెడ్మాస్టరుకు చెప్పినా, ఈ వేలి సంగతి. సమితి ప్రెసిడెంటుకు చెప్పినా. మా వియ్యంకుడికి చెప్పినా. ఆయన తన డ్రైవరును నా దగ్గరికి పంపిస్తానన్నాడు, నేర్చుకోమని!"

టీ కొట్టు దగ్గర ఎవరో దగ్గారు. ఆ దగ్గులో నవ్వు ఉంది. చెంచురామయ్య అటు తిరగలేదు.

"తప్పు నాదన్నా" అన్నాడు సిలార్. "కొట్టినా పడతా. మీ ఇద్దరూ ఒకేసారి వేస్తుంటే..."

"ఆపు. ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారన్నా పొంగిందా?"

"లేదన్నా."

"అంటే ఆమె ఒక్కతే చూసుకునిందా? ప్రతి తూరీ?"

"ప్రతి తూరీ అన్నా."

చెంచురామయ్య వెనక్కి తిరిగి కారు వైపు చూశాడు. వెంకటశేషమ్మ ఇప్పుడు టీ కొట్టు పైకప్పును చూస్తోంది.  కోపం పైకి రావాలా వద్దా అని ఆయన మొహంలోనే తేల్చుకుంటున్నట్టు కనపడింది. చివరికి స్విచ్చిని సిలార్ చేతిలో పెట్టాడు.

"ఫ్యాను ఆమెకే ఉండనీ" అన్నాడు మెల్లగా. "నాకు మాత్రం దీనికేదైనా తగిలించు. ఏదైనా సరే. ఉత్త స్విచ్చి వెయ్యాలంటే చేతికి నామోషీగా ఉండాది."

సిలార్ తలెత్తాడు. అతని కళ్ళల్లోకి పాత వెలుగు వచ్చింది. లోపలికి పరిగెత్తి ముంతాజ్‌ను కేకేశాడు. ఆమె బిస్కట్ల డబ్బా మూత తీసి అరచేతంత రెక్కలు కత్తిరించింది. సిలార్ దగ్గర బొమ్మంత మోటారొకటి ఉంది. మధ్యాహ్నానికల్లా స్టీరింగు వెనక, చెంచురామయ్య మొహానికి ఎదురుగా, చిన్న ఫ్యాను నిలబడింది. స్విచ్చి వేస్తే గాలి నేరుగా ఆయన మొహానికి కొడుతుంది. ఆగి ఉన్నప్పుడు రెక్కలమీద బిస్కట్లు తింటున్న ఒక పిల్ల బొమ్మ ముక్కలుముక్కలుగా కనపడేది.

చెంచురామయ్య దాని ముందు కూర్చుని వేశాడు, ఆర్పాడు, వేశాడు. మీసాలు గాలికి కదిలాయి.

"ఏమయ్యా, బాగుండాదా?" అంది వెనకనుంచి వెంకటశేషమ్మ. షెడ్డుకు వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"బాగుండాది మే. ఇంజను నువ్వు చూసుకో. నన్ను నేను చూసుకుంటా."

ఆ కారు ఇంకో ఆరేడేళ్ళు సంగం నుంచి కావలికి, కావలి నుంచి నెల్లూరుకు అట్లాగే తిరిగింది. చెంచురామయ్య వేలి సంగతి చెప్పడం మానేసి, ఆ బదులు తన భార్య చెవి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. అదీ అంతే గట్టిగా చెప్పేవాడు. దాంతో సిలార్ పేరు రోడ్డు వెంట పాకింది. ఒంగోలు నుంచి గూడూరు దాకా ఎవరి బండి పొంగినా సిలార్ దగ్గరికి పొమ్మనేవాళ్ళు. టాక్సీలకు, పాత కార్లకు, ఉప్పు తోలే లారీలకు ఫ్యాన్లు పెట్టాడు, స్విచ్చులు పెట్టాడు. తాటాకులు పోయి రేకుల కప్పు వచ్చింది. ముంతాజ్ రేకు కత్తెరకు షెడ్డులోనే ఒక బల్ల వేయించాడు. రెక్కలు కావలసినవాళ్ళు ఇప్పుడు నేరుగా ఆమెనే అడిగేవాళ్ళు.

ఒక్కసారి దెబ్బతిన్నాక అతను మాత్రం జాగ్రత్త నేర్చుకున్నాడు. బండి ఏదైనా సరే, వైరు ముట్టుకోకముందు యజమానిని స్టూలు మీద కూర్చోబెట్టి విచారణ చేసేవాడు. బండిలో ఎవరెవరు కూర్చుంటారు? ఎవరు ఎక్కువ మాట్లాడతారు? ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది? ఈ మూడో ప్రశ్నకు చాలామంది కోపగించుకుని లేచిపోయేవాళ్ళు. కాసేపటికి తిరిగి వచ్చి, చుట్టూ చూసి, మెల్లగా నిజం చెప్పేవాళ్ళు. ఒక లాయరు అయితే తన జవాబు రాసుకోవద్దని బతిమాలాడు.

అరవై ఎనిమిదిలో అనుకుంటా, మిషన్ ఆసుపత్రిలో నర్సు రెబెక్కమ్మ చిన్న కారు వేసుకుని వచ్చింది. పల్లెల్లో పురుళ్ళకు పోయేది ఆమె. దొరసానులు వెళ్ళిపోతూ ఆమెకు వదిలిన కారు అది, గతుకుల దారుల్లో పొంగిపోతోంది.

సిలార్ స్టూలు తుడిచి వేశాడు. "బండిలో ఎవరెవరు ఉంటారమ్మా?"

"నేనే."

"డ్రైవరు?"

"నేనే నాయనా."

"వెనక సీట్లో ఎవరన్నా, మీకు చెప్పేవాళ్ళు, అడ్డం వచ్చేవాళ్ళు..."

"వెనక సీట్లో నా మందులపెట్టె ఉంటాది. అది మాట్లాడదు."

పని మూడు గంటల్లో అయిపోయింది. ఒక ఫ్యాను, ఒక స్విచ్చి. ఆమె వేసి చూసింది, ఆర్పి చూసింది, సరే అంది. సిలార్ చేతిలో స్క్రూడ్రైవరుతో కారు పక్కనే నిలబడిపోయాడు. ఇంత తేలిగ్గా ముగిసిపోవడం అతనికి కొత్తగా ఉంది.

"వెనకాల ఒక చిన్న స్విచ్చన్నా పెట్టమంటారా అమ్మా? ఊరికే, ఎప్పటికైనా పనికొస్తాది."

"వద్దు నాయనా" అంది రెబెక్కమ్మ ఇంజను వేస్తూ. "తుమ్మలపెంటలో ఒక పిల్లకు నొప్పులు మొదలైనాయంట. కొంచెం పక్కకు జరుగు."

సిలార్ జరిగాడు. కారు సముద్రం రోడ్డు పట్టింది.